పిట్టగోడ మీద సింహం

గోడకి చెవులుంటాయంటారు. పాత మార్కెట్టు గోడకి చెవులే కాదు, మూతులు, మీసాలు, జూళ్ళు కూడా ఉన్నాయి. పేరుకది పిట్టగోడ, ఎక్కి కూర్చున్నవి మాత్రం సింహాలు. మేడ అంచు చుట్టూ, వీధిలోకి చూస్తూ, వరసగా గచ్చు సింహాలు. వీధిలోకి చూస్తూ అనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఒకటి వీధిలోకి చూస్తుంది, ఒకటి పక్క సింహంకేసి చూస్తుంది, మరొకటి రెండు కళ్ళతోనూ తన ముక్కునే చూసుకుంటుంది. ఒకదానిది పంటినొప్పి వచ్చిన పిల్లి మొహం. ఒకటి కళ్ళజోడు పోగొట్టుకున్న హెడ్మాస్టరు. ఒకదానికి ఒకటే చెవి. రెండో చెవి పెట్టే వేళకి చేసేవాణ్ణి అన్నానికి పిలిచారట. నిజం చెప్పాలంటే వాటిలో సగం గ్రామసింహాలు, అనగా కుక్కలు. నగరం నడిబొడ్డున ఉన్నాయి కనక ఎవరూ ఆ మాట పైకి అనరు.

అంత మార్కెట్టు కట్టినవాళ్ళకి సింహం చెయ్యడం చేతకాక కాదు. కింద స్తంభాలు చూడండి, కమానులు చూడండి, దారం పెట్టి కొలిచినా వెంట్రుకవాసి తేడా రాదు. సింహాల సంగతి వేరు. అది తాపీవాళ్ళ పద్ధతి. మేస్త్రీ కొడుక్కి తొమ్మిదో ఏడు రాగానే వాడి చేతికి తాపీ ఇచ్చి, చెక్క మీద ఇటుకముక్కల ముద్ద ఒకటి కట్టి, దీన్ని సింహం చెయ్యరా అనేవారు. వాడు జన్మలో సింహాన్ని చూసి ఉండడు. తండ్రి పక్కన నిలబడొచ్చు, నవ్వుకోవచ్చు, నెత్తి బాదుకోవచ్చు, చెయ్యి మాత్రం పెట్టకూడదు. దిద్దడం అసలే కూడదు. చెయ్యి తిరగనివాడి తొలి పని ఎలా వస్తే అలా ఆరబెట్టి గోడెక్కించేవారు. అలా ఆ మార్కెట్టులో పనితనమంతా కింద ఉండి మోస్తుంటే, పసితనమంతా పైనెక్కి కూర్చుంది.

ఊరివాళ్ళకి వాటితో పేచీ లేదు. మెల్లకన్ను సింహం కింద బొత్తాల కొట్టు, చెవిటి సింహం పక్క సందు అని దారులు చెప్పుకునేవారు.

మన కథ నున్నన్నది. ఆయన పూసిన గోడ మీద వాలిన ఈగ జారిపడి నడుం విరగ్గొట్టుకుంటుందని చెప్పుకుంటారు, అంత నున్నన. అందుకని అన్నా అని పిలవాల్సిన వాళ్ళంతా నున్నన్నా అంటారు. తాపీ మేస్త్రీయే గాని ఏనాడూ తాపీగా లేడు. ఆ మధ్య మరీ లేడు. కారణం ఏమిటంటే, మార్కెట్టు మేడ మీదికి కొత్త నీళ్ళ ట్యాంకు ఎక్కిస్తుండగా అది క్రేను కొసన ఉయ్యాలూగి, మెట్ల మూల సింహాన్ని ఒక్క గుద్దు గుద్దింది. సున్నంలోకి ఎముక మిగల్లేదంటారే, దానికి సున్నం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆ సింహం నున్నన్న తండ్రి తొమ్మిదో ఏట చేసింది. నోరు బార్లా తెరుచుకుని ఉండేది. గర్జిస్తోందని తండ్రి, ఆవలిస్తోందని ఊరు. తండ్రి పోయాక, డెబ్భై దాటిన తల్లి మార్కెట్టుకి వెళ్ళినప్పుడల్లా సంచీ కింద పెట్టి దానికి ఇంటి సంగతులు చెప్పుకునేది. కోడలు ఏమందో, కొడుకు ఏమనలేదో అన్నీను. సింహం విని ఆవలించేది. ఆయన బతికున్నప్పుడూ అంతేగా అనేది ఆవిడ. కనక నున్నన్నకి ఆ మూల సింహం ఒక బొమ్మ కాదు, తల్లికి మిగిలిన మొగుడు.

బాగుచేసే పని నున్నన్నకే అప్పగించారు. పైన పరిశీలించేది పాత కట్టడాల శాఖ ఆఫీసరమ్మ. ఆ శాఖలో కట్టడాల కన్నా కట్టడి ఎక్కువ. ఆవిడ మంచి మనిషే, కాకపోతే మాట మీద నిలబడే మనిషి. పాత పని పాత పద్ధతిలోనే జరగాలంది. సిమెంటు ముట్టుకోకూడదు, గానుగ సున్నమే వాడాలి అంటే నున్నన్న సంతోషంగా తలూపాడు. వారం తిరక్కుండా తండ్రి సింహాన్ని తలుచుకుని, నోరు తెరిచిన కొత్త సింహాన్ని చేసి చూపించాడు. ఎలాంటి సింహం అది. జూలులో పాయ పాయా లెక్కపెట్టొచ్చు. ఆఫీసరమ్మ చుట్టూ తిరిగి చూసి, చాలా బాగుంది మేస్త్రీ గారూ, అందుకే పనికిరాదు అంది. వంకర లేదని వంక పెట్టింది.

ఆవిడ వాదన ఏమిటంటే, ఆ గోడ మీద పాత పద్ధతి అంటే సున్నం ఒక్కటే కాదు, చెయ్యి తిరగని చెయ్యి కూడా. అక్కడ కూర్చునేది తాపీవాళ్ళ ఇంట పుట్టిన ఎవరిదైనా తొలి సింహం అయితీరాలి. ఈ సంగతి ముసలి మేస్త్రీలని అడిగి శాఖ కాగితాల్లోకి ఎక్కించింది ఆవిడే. బాగుచెయ్యడానికి మూల కట్టిన పరంజా విప్పేలోగా అలాంటి సింహం దొరక్కపోతే ఆ ఖాళీలో చదరపు దిమ్మ ఒకటి పెట్టి మూసేస్తారు. దిమ్మ మాట వినేసరికి నున్నన్నకి దిమ్మ తిరిగింది. తల్లికి చెబితే ఆవిడ, దిమ్మకి కాపరం సంగతులు చెప్పుకునేంత పిచ్చి నాకింకా పట్టలేదు, ఇక మార్కెట్టుకే వెళ్ళను అంది.

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందని సామెత. నున్నన్నకి ఆ సామెత తిరగబడింది. కోతిని చెయ్యాలని కూర్చుంటే వినాయకుడే వస్తున్నాడు. కావాలని మెల్లకన్ను పెట్టాడు. రెండు కళ్ళూ సరిగ్గా ఒకే కొలతలో మెల్లగా వచ్చాయి. ఎడమచేత్తో చేశాడు. ఎడమచెయ్యికి కుడిచెయ్యి ఎప్పుడో పని నేర్పేసినట్టుంది. కళ్ళకి తువ్వాలు కట్టుకుని చేస్తే అన్నిటికన్నా అందంగా వచ్చింది. బొత్తాల కొట్టాయన దాన్ని చూసి, అన్నా, దీని కళ్ళకి కాటుక ఒక్కటే తక్కువ, ఫోటో తీయించి సంబంధాలకి పంపిద్దామా అన్నాడు. ఆఫీసరమ్మ మాత్రం నవ్వలేదు. మంచినీళ్ళు తాగినవాడు తాగుబోతు వేషం వేసినట్టుంది అంది.

ఇక మిగిలింది కూతురు. తొమ్మిదేళ్ళు. ఇంట్లో బుడంకాయ అంటారు. చెయ్యి తిరగకపోవడం మాట అటుంచి, ఆ చెయ్యి ఏ పనికీ కదలదు. బళ్ళో బాలకార్మికుల పాఠం చెప్పిన రోజు నించి మరీను. గ్లాసు మంచినీళ్ళు తెమ్మంటే, నాన్నా, నాకింకా పద్నాలుగు రాలేదు అంటుంది. పాఠాల్లో ఆ ఒక్కదాంట్లోనే దానికి నూటికి నూరు.

ఈ విషయంలో ఇల్లు రెండు పార్టీలు. పసివాళ్ళకి పని చెప్పకూడదని నున్నన్న భార్య. ఆవిడ చిన్నప్పుడు చెల్లెళ్ళని ఎత్తుకుని బడి కిటికీలోంచి పాఠాలు విన్న మనిషి, కూతురు చీపురు ముట్టుకుంటే పాముని ముట్టుకున్నట్టు లాక్కుంటుంది. పనిలో పడితేనే పిల్లలు మనుషులవుతారని అత్తగారు. ఆవిడ పార్టీ నినాదం ఒక్కటే: మేం చెయ్యలేదా, చచ్చామా? ఏడో ఏట నించి సున్నం దంచానని ఆవిడ చెప్పని రోజు లేదు. నున్నన్న ఏ పార్టీ వాడని అడిగితే, భోజనం ఎవరు వడ్డిస్తే ఆ పార్టీ.

బుడంకాయ చేత సింహం చేయిస్తే ఎలా ఉంటుందని ముందు ఆఫీసరమ్మనే అడిగి చూశాడు. పద్నాలుగు నిండని పిల్లలు కట్టడం మీద పనిచెయ్యకూడదు, కట్టడం కోసమూ చెయ్యకూడదు అని ఆవిడ తేల్చేసింది. పాత పద్ధతి కావాలంటారు, పాత పద్ధతిలో చేసేవాళ్ళని వద్దంటారు, మరి నేను పుట్టి రావాలా అని నున్నన్న గొణుక్కుంటూ ఇంటికొచ్చి, ఇంటి పెరడు కట్టడం కాదు గదా అని మనసుకి మెత్తగా పూత పూసుకున్నాడు. తడిపిన సున్నం, ఇటుకముద్ద పెరట్లో పెట్టి, పిల్ల ఊరికే ఆడుకుంటుందని భార్యతో అన్నాడు. భార్య వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"ఆటే అయితే మధ్యలో ఆపేసి పోవచ్చు. పోనిస్తారా?"

"పరంజా విప్పేస్తారే. మధ్యలో పోతే ఎలా?"

"అయితే అది పనే."

నున్నన్న వెయ్యి గోడలు పూశాడు గాని అంత నున్నగా అతికిన మాట ఎప్పుడూ చూడలేదు. ఎక్కడా సందు లేదు. సరే, ఆపొచ్చు అని ఒప్పుకున్నాడు. ఆపొచ్చు అన్న మాట చెవిన పడగానే బుడంకాయ ఎగిరి గంతేసి సున్నం ముందు కూర్చుంది. మొట్టమొదట ఒక చెవి చేసింది. ఆ చెవిని చూసి నున్నన్న నెత్తి బాదుకున్నాడు. గుల్లలా లోపలికి మడత, అంచున సన్నటి వంపు, మీద వేలిముద్ర కూడా లేని నునుపు. ఎవరి కూతురు మరి. ఈలోగా సందులోంచి బంతి చప్పుడు, ఈలలు వినిపించాయి. పిల్ల లేచి చేతులు లంగాకి తుడుచుకుంది. ఎక్కడికే అంటే, ఆపొచ్చన్నావుగా నాన్నా అని పరిగెత్తింది. ఒంటిచెవితో ఇటుకముద్ద మిగిలింది.

పెరటి మెట్టు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న తల్లి ఇదంతా చూస్తోంది. ఇప్పుడు నినాదం వస్తుందని నున్నన్న చెవులు సిద్ధం చేసుకున్నాడు. రాలేదు. ఆవిడ గుమ్మంకేసి, పిల్ల పోయిన వైపే చూస్తూ కూర్చుంది. చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది.

"దాన్ని ఆపొచ్చన్నావా?" అంది.

"ఆట కదమ్మా."

ఆవిడ చేట పక్కన పెట్టి, సున్నం ఎండిపోతోందిరా అంటూ లేచింది. సున్నం ఎండుతుంటే కూర్చోలేని మనిషి. వేలితో తీసి నలిపి చూసి, ఇంకో చుక్క నీళ్ళు పడాలంది. పోసి పిసికింది. పిసికిన ముద్దని ఎక్కడ పెట్టాలో తెలీక ఇటుకల మీద పెట్టింది. పెట్టినదాన్ని చూసి ఇంకో ముద్ద పెట్టింది. నున్నన్న చూస్తుండగానే కూతురు చేసిన చెవి పీకి, ఇది మరీ సోకుగా ఉంది, నాదానికి నప్పదు అని కిటికీలో పెట్టేసింది. అప్పుడు గాని అతనికి అర్థం కాలేదు, అమ్మ సింహం చేస్తోందని.

సున్నం సంగతి ఆ చేతులకి పుట్టుకతో వచ్చినట్టు తెలుసు. సింహం సంగతి బొత్తిగా తెలీదు. ఒక కన్ను నుదుటి మీద మొలిచింది, ఒకటి బుగ్గ మీదికి దిగింది. జూలు పెట్టమంటే సవరం పెట్టినట్టు పెట్టింది. మూతి దగ్గరికి వచ్చేసరికి నున్నన్న పనితనం ఆగలేకపోయింది. అలా కాదమ్మా అంటూ చెయ్యి చాపాడు. తడి తాపీతో చేతి మీద ఒక్కటి పడింది.

"తండ్రే చెయ్యి పెట్టకూడదట. కొడుకు పెడతాడా?"

చెయ్యి ఊదుకుంటూ, చిన్నప్పుడు నువ్వెప్పుడూ చెయ్యలేదా అమ్మా అని అడిగాడు. ఆవిడ తాపీ ఆపకుండానే చెప్పింది. ఒకసారి అడిగిందట. ఆడపిల్లకి సింహమేమిటే అని నవ్వారట. తన తరవాత పుట్టిన తమ్ముడికి తొమ్మిది రాగానే తాపీ ఇచ్చారు. తనకి ఏడో ఏటే రోకలి ఇచ్చారు, ఆ పైన జల్లెడ ఇచ్చారు. వాడికి చెయ్యి తిరిగింది, తనకి చెయ్యి లాగింది. పక్క మేస్త్రీ కొడుకని అప్పట్లో ఒకడు ఉండేవాడు, తరవాత మొగుడయ్యాడు, వాడి సింహానికి సున్నం దంచిందీ తనే.

"సింహాలు వాళ్ళవిరా. సింహభాగం మాది."

నున్నన్న ఊదుకుంటున్న చెయ్యి దించాడు. అదే మాట వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు కూడా విన్నది. రోజూ అత్తగారి నినాదానికి జవాబు సిద్ధంగా పెట్టుకునే మనిషి, ఆ పూట జవాబు లోపలే ఉంచుకుని, చిక్కుళ్ళ చేట తీసుకుని మిగతావి తను ఒలిచింది.

బంతాట ముగించుకుని బుడంకాయ వచ్చింది. సింహాన్ని చూసి పడీపడీ నవ్వింది. తరవాత పక్కన గొంతుక్కూర్చుంది.

"నానమ్మా, నీకెవరూ ఆపొచ్చని చెప్పలేదా?"

"లేదు."

"నువ్వు అడగొచ్చుగా."

"ఆపొచ్చని తెలిస్తేగా అడగడానికి."

పిల్ల ఆలోచించింది. లేచి లోపలికెళ్ళి, ఎవరూ అడక్కుండా, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నానమ్మ గటగటా తాగింది. చట్టం ఊసు ఎవరూ ఎత్తలేదు.

చీకటి పడకముందే సింహం పూర్తయింది. గోళ్ళు పెట్టడం ఆవిడ మరిచిపోయింది. ఎడమ మీసం కుడి మీసానికి అన్నగారిలా ఉంది. నోరు మాత్రం బార్లా తెరుచుకుంది. చూడ్డానికొచ్చిన కోడలు, ఇది సింహమేనా అత్తయ్యా అంది. ఆవిడ తల పక్కకి వాల్చి చూసి, మీ మామయ్యే, కాఫీ ఆలస్యమైనప్పుడు అంది.

సింహం ఆరింది. ఆఫీసరమ్మ చూడ్డానికి ఇంటికే వచ్చింది. చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ కన్ను చూసింది, ఈ కన్ను చూసింది, మీసం దగ్గర చాలాసేపు ఆగింది. ఆవిడ మొహం వికసించింది. వెంటనే ముడుచుకుపోయింది.

"ఇది పిల్లల చెయ్యి మేస్త్రీ గారూ. నేను ముందే చెప్పాను."

నున్నన్న నోరు కూడా సింహం నోరులాగే తెరుచుకుంది. మాట దానిలాగే రాలేదు. ఆఫీసరమ్మ కళ్ళు కిటికీ వైపు పోయాయి. అక్కడ సున్నంతో చేసిన చెవి. పక్కన బుడంకాయ. దాని లంగా మీద ఎంత ఉతికినా పోని సున్నం చేతిముద్రలు. ఇంక సాక్ష్యం ఎందుకు. పిల్లల చేత పని చేయించి తెచ్చిన సింహం కన్నా దిమ్మే నయం, దిమ్మే పెట్టిస్తాను అంది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. నున్నన్నకి ఆ న్యాయానికి అడ్డంపడే ముఖం లేదు, ఎందుకంటే తను మొదట తలపెట్టింది అదేగా. పాత మార్కెట్టు మూల, చదరపు దిమ్మ, దానికింద సంచీ లేకుండా, అమ్మ లేకుండా ఖాళీ మెట్లు అతని కళ్ళకి కట్టాయి.

"నువ్వేనా చేసింది?" అని ఆఫీసరమ్మ పిల్లని అడిగింది.

"నేను చెవి ఒక్కటే చేశానండీ. బాగుందని నానమ్మ పీకేసింది."

ఆఫీసరమ్మకి అర్థం కాలేదు. నానమ్మకి అర్థమయింది. ఆవిడ మూల తొట్టిలో తడి గోనె కింద మిగిలిన సున్నం ముద్ద తీసి, నిలుచున్న పళంగా ఒక చెవి చేసి ఆఫీసరమ్మ అరచేతిలో పెట్టింది. చెవి అని ఆవిడ అంది కనక చెవి. లేకపోతే పూరీయో, పాత చెప్పో తేలేది కాదు. ఆఫీసరమ్మ దాన్ని సింహం చెవి పక్కన పెట్టి చూసింది. అక్కా చెల్లెళ్ళు.

ఆ తరవాత పెద్దావిడకి ప్రశ్నలు మొదలయ్యాయి. ఎన్నాళ్ళ నించి ఈ పనిలో ఉన్నారంటే ఏడో ఏట నించి అంది. సింహాలు ఎన్ని చేశారంటే ఇదే మొదలు అంది. అన్నేళ్ళుగా పనిలో ఉండి ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదని అడిగితే, నా వంతు ఇప్పుడొచ్చింది అంది. ఆఫీసరమ్మ తన ఫైలు తెరిచి నిబంధన చదువుకుంది. పద్నాలుగు లోపు వాళ్ళు కూడదని ఉంది. డెబ్భై దాటినవాళ్ళ ఊసు ఎక్కడా లేదు. కాగితం తిరగేసి కూడా చూసింది. ఆఖరికి ఆవిడకే నవ్వొచ్చింది. పాత కట్టడాల శాఖకి ఇంతకన్నా పాత చెయ్యి, ఇంతకన్నా కొత్త పని ఎక్కడ దొరుకుతాయి అని సంతకం పెట్టేసింది. కాఫీ తాగమంటే కూర్చుంది. పోతూ పోతూ పెద్దావిడ చేసిన ఆ చెవి అడిగి తీసుకుపోయింది. తన బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటుందట.

సింహం గోడెక్కింది. పరంజా దిగింది. మార్కెట్టు రోజున నున్నన్న తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. బొత్తాల కొట్టాయన ఎదురొచ్చి, ఊరంతా దాన్ని అప్పుడే నానమ్మ సింహం అంటోందని చెప్పి, ఏమైనా ఆ రోజుల్లో పిల్లలే పిల్లలు పెద్దమ్మా, ఎంతెంత పనులు చేసేవాళ్ళు అని ఎత్తుకున్నాడు. అలవాటైన నినాదం అందుకుంటుందని ఆగాడు కూడా. చేశాం నాయనా, ఎవరూ మమ్మల్ని అడిగి చేయించలేదు అని ఆవిడ సంచీ కింద పెట్టింది.

తలెత్తి సింహాన్ని చూసింది. చాలాసేపు చూసింది. నున్నన్న కళ్ళనీళ్ళకి సిద్ధపడి జేబులో రుమాలు కూడా వెతుక్కున్నాడు.

"ఒరేయ్, ఎడమ మీసం పెద్దదైందిరా. దింపించు, సరిచేస్తా."

తొలి సింహాన్ని దిద్దకూడదని, పెట్టిన పద్ధతి పెట్టినట్టే ఉండాలని నున్నన్న నచ్చజెప్పాడు. పోనీ ఇంకోటి చేస్తా, ఈసారి చూడు దాని అందం అంది.

"ఇంకోటి కుదరదమ్మా. నీకు చెయ్యి తిరిగిపోయింది. ఇంక పనికిరావు."

ఆవిడ తన అరచేతులు ముందుకి చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తరవాత వాటిని పైకెత్తి, మెట్ల మూల సింహానికి చూపించింది.

"విన్నారా? నాకు చెయ్యి తిరిగిందట."

సింహం నోరు తెరుచుకునే ఉంది. కాఫీ ఇంకా రాలేదు కాబోలు.